దయామణి అయిదో పెళ్ళి

దయామణికి అప్పటికే నాలుగుసార్లు పెళ్ళయింది. నాలుగూ సినిమాల్లో. ఒకసారి రాజకుమారుడితో, ఒకసారి మునితో, ఒకసారి శాపం తగిలి చిలుకైపోయిన వర్తకుడితో, ఆఖరున మళ్ళీ ఒక రాజుతో. అయిదోసారి నిజంగా చేసుకోవాలనుకుంది. గిద్దలూరు బడిలో పంతులుగా ఉన్న కరుణాకరాన్ని, కంభం చెరువు కింద తన పల్లెలో, తను పాట నేర్చుకున్న మట్టిగోడల చర్చిలో. ఆ నాలుగు పెళ్ళిళ్ళకూ రాని చిక్కు ఈ ఒక్కదానికే వచ్చింది.

ఆమె గొంతు పుట్టింది ఆ చర్చిలోనే. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆమె పాట ఎత్తుకుంటే పెద్దవాళ్ళు తమ పాట మానేసి వినేవాళ్ళు. తాళం నేర్పింది సంఘపెద్ద సుందరరాజు. నేర్పడమంటే, తప్పినప్పుడల్లా చేతికర్రతో నేలను పొడవడం. "వెనక చాప దాకా వినపడాల బిడ్డా. దేవునికి చెవుడు లేదు గానీ మీ అవ్వకు ఉంది," అనేవాడు. ఆ అవ్వకు వినపడేలా పాడి పాడి దయామణి గొంతు మార్కాపురం సంతలో అరిచినా కంభంలో తెలిసేంత అయింది.

సినిమాలకు మాట వచ్చిన కొత్తలో వేషం వేసేవాళ్ళే పాడాలి. అందం ఉన్నవాళ్ళు దొరికేవాళ్ళు, పాడేవాళ్ళు దొరికేవాళ్ళు, రెండూ కలిసి దొరకడం కష్టం. మార్కాపురంలో జరిగిన ప్రార్థన కూటంలో ఆమె పాట విన్న హార్మోనియం మాస్టరు ఒకాయన ఊరు వెతుక్కుంటూ వచ్చి, తల్లి దీనమ్మను ఒప్పించి, ఇద్దరినీ మద్రాసు రైలెక్కించాడు. కూలిపని తప్ప మరొకటి తెలియని దీనమ్మ స్టూడియోలో ఒక మూల కూర్చుని ప్రార్థన చేసుకునేది. ఏ రాజకుమారుడైనా కూతురి చెయ్యి పట్టుకుంటే మాత్రం గట్టిగా దగ్గేది. ఆ దగ్గు రెండు సినిమాల్లో రికార్డయిపోయింది. ఫిల్ము ఖరీదు కాబట్టి అట్లాగే ఉంచేశారు.

మైకును ఎక్కడో ఒకచోట దాచాలి. ఒకసారి చెట్టుకొమ్మలో పెట్టారు, కాకి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత పూలకుండీలో పెట్టడం మొదలుపెట్టారు. దయామణి ప్రేమ మాటలన్నీ పూలకుండీతోనే చెప్పింది. ఆరేళ్ళలో ఎన్నో కుండీలతో ఎన్నో ప్రమాణాలు చేసింది. ఆ తర్వాత పాట ఒకరు పాడితే మూతి ఇంకొకరు కదిపే పద్ధతి వచ్చింది. "నీ మూతి చాలమ్మా, గొంతు అక్కర్లేదు," అన్నారు. గొంతు అక్కర్లేని చోట తనకేం పని అనిపించింది ఆమెకు. తల్లిని తీసుకుని ఊరికి వచ్చేసింది.

కరుణాకరం ఆమె సినిమా ఒక్కటీ చూడలేదు. క్రిస్మస్ పాటలకు గిద్దలూరు నుంచి వచ్చి ఆమె పాట విని, చేతిలో ఉన్న పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. మిగతాదంతా తర్వాతి రెండేళ్ళలో నెమ్మదిగా జరిగింది.

వాళ్ళ సంఘంలో పెళ్ళి కుదిరితే మూడు ఆదివారాలు ఆ సంగతి చర్చిలో చదివి వినిపించాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు అప్పుడే లేచి చెప్పాలి. రెండు ఆదివారాలు ఏమీ కాలేదు. మూడో ఆదివారం చర్చి పాదిరి ప్రభాకరరావు అయ్యగారు ప్రకటన చదివి, అలవాటుగా కాసేపు ఆగి, తర్వాతి పాట నంబరు రాసున్న మార్కాపురం పలక వైపు తిరిగారు.

"నాకుంది," అన్నాడు సుందరరాజు.

"ఏముంది అన్నా?"

"అభ్యంతరం."

అయ్యగారు ముప్ఫై ఏళ్ళుగా ఆ ప్రశ్న అడుగుతున్నారు గాని జవాబు రావడం అదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈ పిల్లకు ముందే పెండ్లయింది. మొగుడు బతికున్నాడు," అన్నాడు సుందరరాజు.

దీనమ్మ దగ్గింది.

"ఎవరు చూసినారు?"

"నేనే చూసినా."

"ఎక్కడ?"

"కంభంలో."

"కంభంలో ఎక్కడ అన్నా?"

సుందరరాజు కర్రను ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు. "గుడారంలో," అన్నాడు.

చాపల మీద కలకలం పుట్టింది. ఎందుకంటే, పోయిన ఏడాది కంభంలో నాగూర్ వలి సినిమా గుడారం వేసినప్పుడు, అందులో అడుగుపెట్టిన వాళ్ళకు ఆ నెల ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం అందుకునే చోటు లేదని సంఘం తీర్మానం చేసింది. చెయ్యమన్నది సుందరరాజే. ఆ తీర్మానం చూసేవాళ్ళకే గాని వేషం వేసేవాళ్ళకు కాదు. తమ పల్లెలోనే ఒక సినిమా మనిషి ఉందని ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చాక మార్చడానికి ఎవరికీ మనసు రాలేదు.

"నేను కరపత్రాలు పంచేదానికి పోయినా అయ్యగారూ. పాపులు ఎక్కువున్న తావు చూసి పోయినా."

"ఎంతసేపు పంచినావు?"

"చీకట్లో పంచాల్నంటే ఆలస్యం అయితది గదా." సుందరరాజు గొంతు సవరించుకున్నాడు. "నా సంగతి తర్వాత. పెండ్లి మాత్రం కండ్లారా చూసినా. పెద్ద మంటపం. వెయ్యి దీపాలు. పెండ్లికొడుకు ఏనుగు మీద వచ్చినాడు."

"ఏనుగు కాదు, గుర్రం," అని ఆడవాళ్ళ వైపు నుంచి వినిపించింది.

అన్నది సుందరరాజు భార్య జ్ఞానమ్మ. అన్న మరుక్షణమే కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"గుర్రమే," అంది ఆమె పక్కనున్న ఆమె. "తెల్లది," అంది వెనక ఆమె. "ఏనుగు వచ్చేది వేటకాడ," అని మగవాళ్ళ వైపు నుంచి ఎవరో సర్దిచెప్పారు. అయ్యగారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. ఆయన కళ్ళముందే చర్చిలో సగం మంది సాక్షులైపోయారు.

దయామణి లేచి నిలబడింది. నవ్వొస్తోంది, దాని కింద భయమూ వేస్తోంది. "పెదనాయనా, అది ఆట. ఆయన నాకేమీ కాడు. తాళి కట్టేటప్పుడు మెడ గూడా నాది కాదు. ఆ పూట నాకు జ్వరం. రంగు పూసే ఆయన మరదలి మెడ చూపించినారు."

"మెడ ఎవరిదైతే ఏంది. గొంతు నీదే గదా," అన్నాడు సుందరరాజు. "నేను నేర్పిన గొంతు నాకు తెలీదా. చచ్చినా బతికినా నీతోనే అన్నావు. కంభం కంభమంతా వినింది."

"పూలకుండీతో అన్నాను పెదనాయనా. మైకు దాంట్లో పెట్టినారు."

"కుండీతో అన్నా మాట మాటే. వెనకటి మూగబొమ్మ అయ్యుంటే నేను లేచేవాణ్ణే కాదు. మూగబొమ్మలో ఎవురు ఎవుర్ని చేసుకుంటే మనకేంది, మాట ఇచ్చినట్టు రుజువేది? ఇది మాటొచ్చిన బొమ్మ బిడ్డా."

దయామణి మెల్లగా చాప మీద కూర్చుంది. ఆ ప్రశ్న ఆమెదే. మద్రాసులో సాయంత్రాలు పెరుగన్నం తింటూ ఆమె తనను తానే అడిగేది. పొద్దున ఒకరికి జన్మజన్మల మాట ఇచ్చి, మధ్యాహ్నం రంగు కడుక్కుని అన్నం తింటున్నాను. దేవుడు నోటి మాటను చూస్తాడా, మనసును చూస్తాడా? మనసును చూస్తాడనే అనుకుంది. కానీ రేపు కరుణాకరం ఎదురుగా నిలబడి ఆ మాటే అనబోతే, అది కూడా అలవాటైన డైలాగులా జారిపోతే? అందుకే ఆమెకు ఆ చర్చే కావాలి. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి నిజమైన మాట ఆ గోడలకే తగిలింది.

అయ్యగారు తీర్పు వాయిదా వేసి, ఆశీర్వాదం చెప్పి, భోజనానికి పంపించారు.

సాయంత్రం దీనమ్మ ఇంటి అరుగు మీద కరుణాకరం తల వంచుకుని కూర్చున్నాడు. "మార్కాపురం పోయి రిజిస్ట్రారు కాడ సంతకాలు పెట్టి వద్దాం. ఆయనకు సినిమాలు పట్టవంట," అన్నాడు.

"సంతకం నా చెయ్యి పెడతాది. నేను నోటితో అనాల, ఆ చర్చిలోనే," అంది దయామణి.

కాసేపటికి అతను, "ఆయన ఎట్లాంటోడు?" అన్నాడు.

"ఎవరు?"

"అదే, నీ పాత మొగుడు."

"అరవైకి దగ్గర. కట్టుడు పండ్లు. మాట ఇచ్చేటప్పుడు ఊడి కుండీలో పడినాయి."

కరుణాకరం ముఖం కొంచెం తేటపడింది. దీనమ్మ లోపలి నుంచి దగ్గింది. అతను ఇంకాస్త దూరం జరిగి కూర్చున్నాడు.

మరునాడు అయ్యగారు దయామణిని పిలిపించుకుని మాట్లాడుతుండగా నాగూర్ వలి సైకిలు మీద వచ్చాడు. చర్చిలో జరిగిన సంగతి అప్పటికే కంభం బజారంతా తిరిగింది.

"అయ్యగారూ, సుందరన్న మాట నమ్మొద్దు. ఆయన ఆఖరి రీలు చూడలేదు," అన్నాడు. "మీ వాళ్ళెవరూ చూడరు. బొమ్మ అయిపోతే లైట్లు వేస్తాం, ముఖాలు కనపడతాయని మీ వాళ్ళకు భయం. ఆఖరి రీలు మొదలయ్యేలోపే దుప్పట్లు కప్పుకుని గుడారం పట్టా ఎత్తి కింద నుంచి దూరిపోతారు. ఆ పక్క కుట్లు నేను నాలుగుసార్లు వేయించినా."

"ఆఖరి రీలులో ఏముంది వలీ?"

"ఆయన చచ్చిపోతాడు."

దయామణి ఉలిక్కిపడింది. నిజమే, చచ్చిపోయాడు. ఆ సంగతి తనకెందుకు తోచలేదు? ఆలోచిస్తే అర్థమైంది. స్టూడియోలో ఆయనను మొదటి వారమే చంపేశారు, పెళ్ళి నెల తర్వాత చేశారు. ఆమె జ్ఞాపకంలో ఆయన చచ్చిపోయాకే తనను పెళ్ళాడాడు. కానీ వెంటనే ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. "అయ్యగారూ, అయితే ఆ తర్వాత," అని మొదలుపెట్టింది.

అయ్యగారు అప్పటికే లేచి నిలబడ్డారు. ఆయన జన్మలో సినిమా చూడలేదు. "భర్త చనిపోయిన స్త్రీకి మళ్ళీ పెండ్లి చేసుకునే స్వేచ్ఛ మన సంఘంలో ఎప్పుడూ ఉంది. అయితే ఇది విచారించాల్సిన విషయం. సంఘమంతా పోయి చూడాల. ఆ ఒక్క రీలు వేస్తావా వలీ?"

"ఒక్క రీలుకు ఇంజను తిప్పితే ఆయిలు దండగ అయ్యగారూ. మొత్తం చూడాల్సిందే. మొదట్లో వేట చానా బాగుంటాది."

"విచారణ పూర్తిగా ఉండడం మంచిదే," అన్నారు అయ్యగారు.

గురువారం సందెవేళ సంఘమంతా కంభం పోయింది. పల్లెలో మిగిలింది కుక్కలు, బడికి సెలవు పెట్టి వచ్చిన కరుణాకరం. తను రానన్నాడు. దీనమ్మ ఆదివారపు చీర కట్టుకుంది. గుడారంలో అయ్యగారు లేచి, ఈ విచారణను నడిపించమని చాలాసేపు ప్రార్థన చేశారు. నాగూర్ వలి తల మీద గుడ్డ వేసుకుని ఓపిగ్గా నిలబడి, ఆమేన్ వినపడగానే ఇంజను తిప్పించాడు.

సుందరరాజు ముందు వరసలో కూర్చుని, తను ఇదంతా ఎన్నడూ చూడనట్టే చూశాడు. గుర్రం వచ్చినప్పుడు జ్ఞానమ్మ ఆయన వైపు ఒకసారి తిరిగి ఊరుకుంది. రాజు రాణి చెయ్యి పట్టుకున్నాడు. తెర మీది నుంచి ఒక దగ్గు వినిపించింది.

"దీనమ్మ గదా అది," అన్నారు నలుగురైదుగురు. గుడారం గుడారమంతా వెనక్కి తిరిగింది. దీనమ్మ ముఖం చీర కొంగులోకి పోయింది. తన దగ్గు ఇంత దూరం వచ్చిందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆఖరి రీలు మార్చడానికి తెర మసకబారగానే సగం సంఘం అలవాటు కొద్దీ లేచి పట్టా వైపు నడిచింది.

"ఎక్కడికి పోతున్నారు?" అన్నారు అయ్యగారు. "కూర్చోండి. ఇది విచారణ."

రాజుకు జ్వరం వచ్చింది. చచ్చిపోయాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. అందరికంటే ఎక్కువగా సుందరరాజు తువ్వాలలో తల పెట్టుకుని భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. అయ్యగారు తృప్తిగా తల పంకించారు. అంతలో రాణి అమ్మవారి ముందు కూర్చుని పాట ఎత్తుకుంది. వెనక చాప మీది అవ్వకు వినపడేలా నేర్చిన గొంతు అది. గుడారం గుంజలు కదిలాయి. గుడిగంట తనంతట తానే మోగింది. రాజు మధ్యాహ్నం నిద్ర లేచినవాడిలా లేచి కూర్చున్నాడు.

సంఘమంతా చప్పట్లు కొట్టింది. సుందరరాజు లేచి నిలబడి మరీ కొట్టాడు. లైట్లు వెలిగాయి.

"వలీ, చచ్చిపోతాడన్నావే," అన్నారు అయ్యగారు నీరసంగా.

"చచ్చిపోయినాడు గదా అయ్యగారూ. బతకడని నేను అన్లేదే."

ఆదివారం వచ్చింది. దయామణి చాప మీద చివర కూర్చుంది. తన కేసు తన పాటే పాడు చేసిందని ఆమెకు తెలుసు. అంత బాగా పాడకుండా ఉండాల్సింది.

అయ్యగారు ప్రకటన మళ్ళీ చదివారు. "అన్నా, నీ అభ్యంతరం ఇంకా ఉందా?"

"ముందుకంటే ఎక్కువుంది," అన్నాడు సుందరరాజు. "ముందు మొగుడున్నాడని మాత్రమే తెలుసు. ఇప్పుడు చూసినా గదా, ఎట్ల ఏడ్చి తెచ్చుకునిందో. అంత కష్టపడి బతికించుకున్న మొగుణ్ణి ఇడిసిపెట్టి పంతుల్ని చేసుకుంటాదా? నాకు మనసొప్పదు అయ్యగారూ."

ఆడవాళ్ళలో కొందరు తలలూపారు. కరుణాకరం వైపు, ఒకరి కాపురం కూల్చడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. కరుణాకరం చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు.

"సరే," అన్నారు అయ్యగారు. "ఆయన చచ్చినాడా?"

"చచ్చినాడు."

"మళ్ళీ లేచినాడా?"

"లేచినాడు. అందరం చూసినాం."

"ఎవరు లేపినారు అన్నా?"

సుందరరాజు నోరు తెరిచాడు. అందులోంచి మాట బయటికి రాబోయి ఆగిపోయింది. నోరు అట్లాగే ఉండిపోయింది.

"నేను ఎవరి అమ్మవారినీ తక్కువ అనడం లేదు. వాళ్ళ నమ్మకం వాళ్ళది," అన్నారు అయ్యగారు మెల్లగా. "నువ్వు ఈ సంఘానికి పెద్దవు. ఆ అమ్మవారే లేపిందని నువ్వు ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్తే, నీ అభ్యంతరం తీసుకుంటా."

సుందరరాజు నుదురు తుడుచుకున్నాడు. "తనకు తానే లేచి ఉండొచ్చు," అన్నాడు.

"చచ్చినోడా?"

"సరిగా చావలేదేమో."

"చచ్చినాడు," అంది జ్ఞానమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి. "నువ్వే గదయ్యా తువ్వాల తడిపినావు. ఇంటికొచ్చి నేను పిండినా."

సుందరరాజు కర్ర కొనతో నేల మీద గీతలు గీశాడు. ఒక పక్క ఆయన విశ్వాసం, మరో పక్క ఆ రాజు. ముసలాయన రెంటి మధ్య ఎంత నలిగాడో చూసి దయామణికి లేచి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించింది.

"లేవలేదు," అన్నాడు ఆఖరికి. కళ్ళు తుడుచుకున్నాడు. "చచ్చినాడు. మంచోడు."

ఇంకొందరు కూడా ముక్కు చీదారు. రాజు పోయి ఎన్నాళ్ళయిందని వెనక నుంచి ఎవరో అడిగారు. బొమ్మ తీసి మూడేళ్ళని దయామణి చెప్పింది. అయితే దుఃఖానికి అంత గడువు చాలని అందరూ ఒప్పుకున్నారు. విచారణకు పోయిన సాయంత్రాన్ని సినిమాకు పోయినట్టు లెక్కించకూడదని అప్పటికప్పుడే ఇంకో తీర్మానం చేశారు. అంతకుముందు పోయిన సాయంత్రాల ఊసు ఎవరూ ఎత్తలేదు.

మిగతా మూడు పెళ్ళిళ్ళ సంగతి సుందరరాజుకు తెలియదు. ఆ సినిమాలు ఇంకా కంభం రాలేదు. అవి వచ్చేలోపే పెళ్ళి ముగించడం మంచిదని అయ్యగారు ఆ వారంలోనే ముహూర్తం కాని ముహూర్తం ఒకటి పెట్టారు.

పెళ్ళి రోజు నాగూర్ వలి గుడారంలోని కుర్చీలు పంపించాడు. కరుణాకరం మాట స్పష్టంగా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. దయామణి చెయ్యి అందుకోబోయాడు. దీనమ్మ దగ్గింది. ఇది నిజం పెళ్ళని తల్లికి వెంటనే గుర్తొచ్చి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఇక దయామణి వంతు. ఆమెకు అలవాటు కొద్దీ చూపు పక్కకు పోయింది. కుండీ లేదు. ఎదురుగా మనిషి ఉన్నాడు, మెడ మీద క్షవరం చేసుకున్నప్పటి గాటుతో. ఆమె నోరు తెరిచింది. కంభం గుడారపు గుంజలు కదిలించిన గొంతు, మద్రాసులో కాకుల్ని లేపిన గొంతు, ఎక్కడికో పోయింది. వచ్చింది గుసగుస మాత్రమే, అదీ మధ్యలో విరిగింది. కరుణాకరానికి తప్ప ఎవరికీ వినపడలేదు.

డైలాగు ఆమెకు ఎన్నడూ ఇట్లా విరగలేదు. ఆ సంగతి తెలిసి ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ముందు చాప మీద నుంచి చేతికర్ర నేలను ఒకసారి పొడిచింది.

"వెనక దాకా రాలేదు బిడ్డా," అన్నాడు సుందరరాజు. "మళ్ళీ చెప్పు. నింపాదిగా చెప్పు. ఈసారి ఆఖరి దాకా కూర్చుందామనే వచ్చినా."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఊపిరి తీసుకుని, వెనక చాప దాకా వినపడేలా చెప్పింది.